టేకు మొక్క కొనేవాళ్లు అడగని ప్రశ్న: విత్తనం ఏ అడవిది?

టేకు మొక్కల కోసం నర్సరీకి వెళ్లినవాళ్లు మామూలుగా మూడు విషయాలు అడుగుతారు. మొక్క ఎంత? ఎన్ని నెలలది? ఎన్నేళ్లకు కోతకొస్తుంది? ఎత్తుగా, ఆకులు వెడల్పుగా ఉన్నవి ఏరి ట్రాలీలో వేసుకుంటారు. ఆ విత్తనం ఏ అడవిలోది, ఎన్ని చెట్ల కింద ఏరారు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. అడిగితే చెప్పగలిగే నర్సరీలు ఇంకా తక్కువ. వరి విత్తనం కొనేటప్పుడు సంచి మీద రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం చదివే రైతే, పాతికేళ్లు తన పొలంలో ఉండబోయే చెట్టును మాత్రం ఊరూ పేరూ తెలియకుండా తెచ్చుకుంటున్నాడు. ఇది నాకు బాధ కలిగించే విషయం. వరిలో తేడా వస్తే ఒక పంట పోతుంది. టేకులో తేడా వచ్చిందని తెలిసేసరికే పదేళ్లు గడిచిపోతాయి.

టేకు అంతా ఒకటే కదా, ఎక్కడి విత్తనమైతే ఏం అనిపించవచ్చు. శాస్త్రం ప్రకారం జాతి ఒకటే. కానీ ఆ జాతి ఎంత దూరం పరుచుకుని ఉందో చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. సహజంగా టేకు పెరిగేది ఇండియా, మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్ దేశాల్లోనే. మన దేశంలో కేరళ కొండల నుంచి దక్షిణ రాజస్థాన్ దాకా ఉంది. కేరళలోని నిలంబూరులో ఏడాదికి 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా వైపు టేకుకు అందులో సగం కూడా దక్కదు. మన ఆదిలాబాద్ అడవులు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి: వెయ్యి మిల్లీమీటర్లు దాటిన వాన, ఆ తర్వాత నెలల తరబడి ఎండ, మే నెలలో 45 డిగ్రీల దాకా వేడి. ఇలా వేల ఏళ్లుగా వేర్వేరు వానల్లో, వేర్వేరు నేలల్లో తరం తర్వాత తరం బతికి బట్టకట్టిన చెట్ల పిల్లలు అచ్చంగా ఒకేలా ఉండవు.

కలప వ్యాపారులకు ఇది ఎప్పటినుంచో తెలుసు. గోదావరి లోయ టేకుకు అందమైన చారల వల్ల పేరు. ఆదిలాబాద్ టేకు చేవకు, అంటే దుంగ నడిమి ముదురు కలపకు, గులాబీ ఛాయ ఉంటుందని మంచి ధర పెడతారు. చంద్రాపూర్, బల్లార్షా వైపు నుంచి వచ్చే మధ్య భారత టేకుది ముదురు రంగు. పశ్చిమ కనుమల టేకు దుంగలు పొడవుగా, నిటారుగా వస్తాయి. అయితే ఈ తేడాల్లో విత్తనం వాటా ఎంత, నేలా వానా వాటా ఎంత? ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. దాన్ని కాయ దగ్గర నుంచే విప్పుకుంటూ రావాలి.

కాయ లోపల ఏముంది

నర్సరీవాళ్లు టేకు విత్తనం అని సంచుల్లో తెచ్చేది నిజానికి గింజ కాదు, మొత్తం కాయ. వానాకాలంలో చెట్టు పైన పెద్ద గుత్తులుగా చిన్న చిన్న తెల్లని పూలు పూస్తాయి. వాటిలో కాయ కట్టేవి చాలా కొద్ది. చలికాలంలో కాయలు ముదిరి, ఎండలు మొదలయ్యేసరికి కింద రాలతాయి. రాలిన కాయ చుట్టూ గాలి బుడగలాంటి పల్చటి కాగితపు పొర ఉంటుంది. అరచేతిలో వేసి నలిపితే అది పొడి అయిపోతుంది. దాని కింద గోధుమరంగులో, కంబళి గుడ్డలా నూగుగా ఉండే మందపాటి పొర వస్తుంది. దాని కింద ఎముకంత గట్టి పెంకు. ఆ పెంకును బాగా పదునున్న కత్తితో అడ్డంగా కోస్తే నాలుగు గదులు కనిపిస్తాయి. నాలుగింటిలోనూ గింజలుండటం అరుదు. ఒకటో రెండో ఉంటాయి. కొన్ని కాయల్లో నాలుగూ ఖాళీయే.

ఇలా పాతిక కాయలు కోసి చూస్తే ఆ విత్తనం ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. కాయ పరిమాణం, పెంకు మందం, నూగు పొర మందం, నిండు గింజల సంఖ్య, ఇవన్నీ ప్రాంతాన్ని బట్టి మారతాయి. కిలోకు దాదాపు వెయ్యి కాయలు తూగే విత్తనం ఉంది, మూడు వేలు దాటి తూగేదీ ఉంది. స్థూలంగా, వాన బాగా పడే చోట్ల కాయలు పెద్దవి, ఎండు ప్రాంతాల్లో చిన్నవి. మొలకెత్తే తీరులోనూ తేడా ఉంది. ఎండు ప్రాంతాల కాయలు మరింత మొండిగా నిద్రపోతాయి. టేకు ఎక్కడిదైనా మడిలో ఒక్కసారిగా మొలవదు. పది పదిహేను రోజులకు కొన్ని, నెలకు కొన్ని, మరుసటి వానాకాలానికి ఇంకొన్ని వస్తాయి. అందుకే కాయలను రాత్రి నీళ్లలో నానబెట్టి పగలు ఎండలో ఆరబెట్టడం, ఇలా వారం పదిరోజులు చేశాక చల్లడం నర్సరీల్లో పాత పద్ధతి. ఏడాది నిల్వ ఉంచిన కాయ కొత్త కాయకన్నా బాగా మొలవడం కూడా వాళ్లకు అనుభవమే. నిలంబూరులో 1840లలో మలబార్ కలెక్టర్ కనోలీ, ఆయన కింద పనిచేసిన చాతు మేనన్ ప్రపంచంలోనే మొదటివని చెప్పే టేకు తోటలు వేయించినప్పుడు కూడా వాళ్లను ముందు సతాయించింది మొలకే.

ఎండు ప్రాంతాల్లో ఈ మొండి నిద్ర ఎందుకో ఆలోచిస్తే అర్థమవుతుంది. మే చివర్లో ఒక గాలివాన పడి, తర్వాత మూడు వారాలు చినుకు లేకపోవడం మనకు కొత్త కాదు. ఆ మొదటి వానకే మొలిచిన టేకు మొలక ఎండి చస్తుంది. మందపాటి పొరలున్న కాయ ఒక తడికి లొంగదు. మళ్లీ మళ్లీ తడిసి ఆరితేనే మొలకను ఆపే పదార్థాలు కడుక్కుపోయి, పెంకు మెత్తబడి, మొలక బయటికొస్తుంది. అలాంటి కాయలిచ్చిన చెట్ల సంతతే అక్కడ ఎక్కువగా మిగిలింది. నిలంబూరు లాంటి చోట వాన మొదలైతే ఆగదు, కాబట్టి అంత జాగ్రత్త అవసరం పడలేదు.

ఈ వివరణ చక్కగా అతికినట్టు ఉంటుంది. అయితే అతికినట్టున్న ప్రతి వివరణనూ నమ్మేయకూడదు. ఎందుకంటే కాయ మీద కనిపించే తేడాకు కనీసం రెండు కారణాలుండవచ్చు.

తల్లి చెట్టు కట్టిచ్చిన సద్దిమూట

ఆదిలాబాద్ అడవిలో ఒక చెట్టు చిన్న కాయలు కాసిందనుకుందాం. అది ఆ చెట్టు జన్యువుల్లోనే ఉన్న గుణం కావచ్చు. లేదా ఆ ఏడాది కాయ ముదిరే సమయంలో నేలలో తేమ లేక కాయ ఊరకపోయి ఉండవచ్చు. అదే చెట్టు మంచి ఏడాదిలో కాస్త పెద్ద కాయలు కాస్తుంది. నిలంబూరు కాయ పెద్దది అన్నప్పుడు అందులో కొంత విత్తనం సొంత గుణం, కొంత తల్లి తిన్న తిండి. కాయను మాత్రమే చూసి ఈ రెండింటినీ విడదీయడం ఎవరివల్లా కాదు.

ఇది నర్సరీలో మొక్క మీద కూడా ప్రభావం చూపుతుంది. టేకు గింజలో తిండి అంతా బీజదళాల్లో ఉంటుంది. అది తల్లి చెట్టు పిల్లకు కట్టిచ్చిన సద్దిమూట. మూట పెద్దదైతే మొలక బలంగా లేస్తుంది, మొదటి ఆకులు వెడల్పుగా వస్తాయి, రెండు మూడు నెలల్లో పక్కవాటిని దాటిపోతుంది. చూసేవాళ్లకు ఇదే మంచి జాతి అనిపిస్తుంది. నిజానికి ఆ ఎత్తులో కొంత భాగం ఆ మూటదే. అది ఎప్పటికీ ఉండదు. మొక్క సొంత వేళ్ల మీద, సొంత ఆకుల మీద బతకడం మొదలయ్యాక కాలం గడిచేకొద్దీ దాని ప్రభావం తగ్గిపోతుంది. అసలు జన్యు గుణం అప్పుడు బయటపడుతుంది. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందనే మాట టేకు నారుమడిలో అంతగా పనిచేయదు.

మరి ఎలా విడదీస్తారు? సూత్రం చాలా సులువైనది. వేర్వేరు అడవుల విత్తనం తెచ్చి, ఒకే నర్సరీలో, ఒకే మట్టిలో, ఒకే నీటితో పెంచాలి. నీడ, గాలి తేడాలు ఒక ప్రాంతం మొక్కలకే కలిసి రాకుండా మడులను కలగలిపి, ప్రతి ప్రాంతం మొక్కలనూ నాలుగైదు చోట్ల పెట్టాలి. అప్పుడు బయటి పరిస్థితులన్నీ అందరికీ సమానం కాబట్టి, ఇంకా మిగిలిన తేడా విత్తనంతో వచ్చినదే. ఫ్రాన్స్‌లో ఫిలిప్ ఆంద్రే ద విల్మోరిన్ 1820ల నుంచి లె బార్ అనే తన ఎస్టేటులో ఐరోపాలోని రకరకాల చోట్ల నుంచి తెప్పించిన స్కాట్స్ పైన్ విత్తనాన్ని ఇలాగే పక్కపక్కన నాటాడు. బాల్టిక్ తీరం వైపు నుంచి వచ్చిన పైన్ నిటారుగా, వేరే చోట్లవి వంకరగా పెరిగాయి. నేల ఒకటే, వాన ఒకటే, చెట్లు మాత్రం తమ పుట్టింటి తీరును వదల్లేదు. అడవుల శాస్త్రంలో విత్తన మూలం మీద ఇన్నాళ్లుగా నడుస్తున్న పనంతా ఆ ఆలోచన కొనసాగింపే.

ఈ పద్ధతిలోనూ సద్దిమూట సమస్య మిగిలే ఉంటుంది. అందుకే మంచి పరిశోధకులు కాయ బరువును కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఆరు నెలల కొలతలతో ఆగకుండా ఏళ్ల తరబడి కొలుస్తారు. ఇంకా గట్టిగా తేల్చాలంటే అన్ని ప్రాంతాల చెట్లనూ ఒకేచోట పెంచి, అవి కాసిన కాయలతో రెండో తరం పరీక్ష చేయాలి. టేకులో ఇందుకు ఎన్నేళ్లు పడుతుందో చెప్పనక్కర్లేదు.

నర్సరీ పరీక్షల ఫలితాలు చదివేటప్పుడు ఒక మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఎత్తులో ఉన్న తేడాలో ఎనభై శాతం వంశపారంపర్యం అన్నట్టు అంకెలు కనిపిస్తాయి. ఆ అంకె ఆ నర్సరీకి, ఆ ఏడాదికి, ఆ విత్తనాలకు మాత్రమే వర్తిస్తుంది. నర్సరీలో నీళ్లు, ఎరువు అందరికీ సమానంగా అందుతాయి కాబట్టి బయటి ప్రభావం సహజంగానే తక్కువగా, జన్యువుల వాటా ఎక్కువగా కనిపిస్తుంది. అవే మొక్కలను గుట్ట మీద, రాళ్ల నేలలో నాటితే అంకె మారిపోతుంది. ఇంకో సంగతి, ఒక్కో ప్రాంతంలో ఒకటి రెండు చెట్ల కాయలే ఏరి ఆదిలాబాద్ ఇలా ఉంది, నిలంబూరు అలా ఉంది అంటే కుదరదు. అక్కడ పోల్చింది రెండు చెట్లనే గాని రెండు ప్రాంతాలను కాదు. ఒకే అడవిలో చెట్టుకూ చెట్టుకూ మధ్య ఉండే తేడా చాలాసార్లు అడవికీ అడవికీ మధ్య ఉన్న తేడాకు తీసిపోదు. అందుకే ఒక చోట నుంచి విత్తనం తీసేటప్పుడు కనీసం ఇరవై ముప్పై చెట్ల నుంచి, ఒక్కో చెట్టుకూ మధ్య వంద మీటర్ల దాకా ఎడం ఉండేలా ఏరమంటారు.

ఎక్కడిది ఎక్కడ బాగుంటుంది

టేకు మీద ఈ పని పెద్ద ఎత్తున జరిగింది. మన దేశంలో 1930లలోనే వేర్వేరు రాష్ట్రాల టేకు విత్తనాన్ని మార్చి మార్చి నాటి చూశారు. తర్వాత 1970ల మొదట్లో డెన్మార్క్‌కు చెందిన డానిడా అటవీ విత్తన కేంద్రం 75 చోట్ల నుంచి టేకు విత్తనం సేకరించి, ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాల ఉష్ణ దేశాల్లో దాదాపు 50 చోట్ల పరీక్షా తోటలు వేయించింది. చెట్లకు పదేళ్లు దగ్గరపడ్డాక కొలిచిన ఫలితాలు 1986లో వచ్చాయి. పశ్చిమ తీరపు తడి అడవుల భారత టేకు వాన బాగా ఉన్నచోట్ల వేగంగా పెరిగింది. మన దేశం లోపలి ఎండు ప్రాంతాల విత్తనం పెరుగుదలలో చాలా చోట్ల వెనకబడింది.

ఇక్కడితో ఆపేస్తే, అయితే అందరం నిలంబూరు విత్తనమే తెచ్చుకుందాం అనిపిస్తుంది. చాలామంది అలాగే అనుకుంటారు, నర్సరీలూ ఆ పేరు చెప్పే అమ్ముతాయి. కానీ ఆ పరీక్షలు తేల్చిన పెద్ద విషయం వేరే ఉంది. విత్తనం స్థానం చోటును బట్టి మారిపోతుంది. ఒకచోట మొదటిది ఇంకోచోట మధ్యలోకి దిగుతుంది. తడి ప్రాంతపు మొక్క పైకి ఎదగడానికి ఎక్కువ ఖర్చు పెడుతుంది. ఎండు ప్రాంతపు మొక్క చాలా జాతుల్లో వేరుకు ఎక్కువ పెడుతుంది, ఆకు తక్కువ పెడుతుంది. నారుమడిలో పక్కపక్కన చూస్తే మొదటిదే ముచ్చటగా ఉంటుంది. రెండోదాని బలం నేల కింద ఉంది కాబట్టి కంటికి ఆనదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్ట గట్టు మీద నీళ్లు కట్టకుండా వదిలేస్తే, మొదటి రెండు వేసవులు దాటడమే మొక్కకు పరీక్ష. అక్కడ ఎత్తు కన్నా బతకడం ముఖ్యం. అదే గోదావరి జిల్లాల్లో కాలువ గట్టు మీదైతే వేగంగా ఎదిగే విత్తనానికి అవకాశం ఉంది. ఒకే రాష్ట్రంలో రెండు చోట్లకు ఒకే విత్తనం సరిపోదు.

కాండం సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే డబ్బు వచ్చేది కాండంలోనే. టేకులో నడిమి కొమ్మ చివరనే మొదటి పూల గుత్తి వస్తుంది. అది వచ్చిన చోట నిటారు పెరుగుదల ఆగి, పక్క మొగ్గలు రెండు లేచి చెట్టు పంగలు వేస్తుంది. నాలుగైదేళ్లకే పూసిన చెట్టుకు పంగ కిందనే పడుతుంది, పొట్టి దుంగ వస్తుంది. పది పన్నెండేళ్ల దాకా పూయని చెట్టు పొడవాటి దుంగ ఇస్తుంది. ఎప్పుడు పూయాలనేది చాలావరకు జన్యువుల్లో ఉన్న గుణం, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. నారుమడిలో మొక్కను ఎంతసేపు చూసినా ఇది తెలియదు. విత్తనం ఎక్కడిదో తెలిస్తే మాత్రం ఊహించవచ్చు. నర్సరీలో మొక్కను చూసి ఎంచుకోవడం కన్నా దాని పుట్టుక తెలుసుకోవడం మేలని నేను గట్టిగా అనడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

చేవ రంగు విషయంలో మళ్లీ చిక్కు పడుతుంది. పొడి నేలల్లో నెమ్మదిగా పెరిగిన టేకు చేవ ముదురు రంగులో, నల్లని చారలతో ఉండటం కనిపిస్తుంది. అందుకని ఆదిలాబాద్ విత్తనం తెచ్చి కాలువ కింద నల్లరేగడిలో వేసినంత మాత్రాన ఆ గులాబీ రంగు వస్తుందని చెప్పలేం. ఆ పేరులో విత్తనమూ ఉంది, ఆ నేలా ఉంది.

స్థానిక విత్తనమే ఎప్పుడూ మంచిదా అంటే, వేరే సమాచారం ఏదీ లేనప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. దగ్గరి అడవి చెట్లు ఆ ఎండను, ఆ వానను తరతరాలుగా తట్టుకున్నాయి. కానీ ఒక షరతు. దూలాలకూ పడవలకూ రైలు పట్టాల కింది స్లీపర్లకూ నిటారు చెట్లను వందల ఏళ్లుగా నరుక్కుంటూ వచ్చిన అడవిలో మిగిలినవి వంకర చెట్లయితే, వాటి కాయలే మనకు దొరుకుతున్నాయన్నమాట. అందుకే అటవీ శాఖలు మంచి చెట్లున్న తోపులను విత్తనం కోసం ప్రత్యేకించి ఉంచుతాయి, ఎంపిక చేసిన చెట్ల అంట్లతో విత్తన తోటలు వేస్తాయి. మన దేశంలో టేకు విత్తన తోటలు 1960ల నుంచీ ఉన్నాయి. రోజురోజుకూ ఎండలు ముదురుతున్నాయి కాబట్టి, ఇకపై మనకన్నా కాస్త పొడిగా ఉండే చోటి విత్తనాన్ని కూడా కొంత కలిపి నాటి చూడటం తెలివైన పని.

1990లలో టేకు మొక్కకు ఇంత కడితే ఇరవై ఏళ్లకు లక్షలు వస్తాయని పేపర్ల నిండా ప్రకటనలు వచ్చేవి. ఆ పథకాల్లో చాలామంది మధ్యతరగతి వాళ్ల డబ్బు పోయింది. ఇలాంటి సామూహిక పెట్టుబడి పథకాలకు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 1999లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మోసం ఒక ఎత్తు. నిజాయితీగా వేసిన తోటల్లో కూడా ఆశించిన దుంగలు రాకపోవడానికి నీరు, నేల, నిర్వహణతో పాటు ఊరు తెలియని విత్తనం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. టిష్యూకల్చర్ అని రాసినంత మాత్రాన ఈ ప్రశ్న తప్పదు. ఏ చెట్టు నుంచి తీసిన కణజాలం, ఆ చెట్టు ఎక్కడ ఎలా పెరిగింది అన్నది అక్కడ ఇంకా ముఖ్యం. ఎందుకంటే తోటంతా ఆ ఒక్క చెట్టు నకలే.

ఇప్పుడు టేకు వేయాలనుకునేవాళ్లు నర్సరీలో అడగాల్సినవి ఎక్కువేం లేవు. కాయలు ఏ అడవివి లేదా ఏ విత్తన తోటవి, ఏ ఏడాదివి, సుమారుగా ఎన్ని చెట్లవి. బిల్లు మీద ఆ వివరం రాయించుకోవాలి. జవాబు లేకపోతే, అటవీ శాఖ నర్సరీలోనో, హైదరాబాద్ దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ లాంటి చోటో వాకబు చేయాలి. స్టంపు, అంటే పైకాండం, పక్కవేళ్లు కత్తిరించిన నారుమొక్క, కొంటే ఎత్తు ఎలాగూ కనిపించదు. కాండం మొదలు చిటికెన వేలంత లావుందా, తల్లివేరు జానెడు పొడవున తిన్నగా ఉందా చూసుకోవాలి. ఎకరంలో నాటేవాళ్లు వీలైతే రెండు చోట్ల విత్తనం తెచ్చి, వరసలు విడివిడిగా పెట్టి, ఏ వరస ఎక్కడిదో పాస్‌బుక్కుతో పాటు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఏ వరస ముందు పూసింది, పంగ ఎంత ఎత్తులో పడింది అన్న రెండు విషయాలు రాసుకున్నా చుట్టుపక్కల రైతులందరికీ పనికొస్తుంది.

సొంత పొలంలో చెట్టు కాయలే ఏరి నారు పోసుకుందామనుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. టేకుకు సాధారణంగా సొంత పుప్పొడితో గింజ సరిగా కట్టదు, ఇంకో చెట్టు పుప్పొడిని పురుగులు మోసుకురావాలి. గట్టు మీద ఒంటరిగా నిలబడిన చెట్టు కింద కాయలు ఎన్ని రాలినా, కోసి చూస్తే చాలావాటిలో గదులు ఖాళీగా ఉంటాయి. నారు పోసే ముందు పాతిక కాయలు కోసి చూసుకోవాలి.